మొండిఘటాలు

కైకలూరు దాటాక ఏ రొయ్యల చెరువు గట్టు మీదైనా ఆగి, ఏరియేటర్లకు కరెంటిచ్చే ఇనప డబ్బా తలుపు తీయించి చూడండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. రాగి తీగల చివర పచ్చగా చిలుము. ఓ మూల చీమల కాపురం, ఇంకో మూల షార్ట్ సర్క్యూట్‌లో మాడిపోయిన బల్లి. ఎండ, తేమ, ఉప్పు, దుమ్ము కలిసి కరెంటు సామానుకు ఎంత కీడు చేయగలవో కొల్లేటి గట్టు మీద తెలిసినంత వేరే చోట తెలియదు.

సైన్యం వాడే కంప్యూటరు బతుకు కూడా అచ్చం ఇదే. కాకపోతే దానికి ఇసుక తుపాను, ట్యాంకు కుదుపు, ఫిరంగి మోత అదనం. ఇంగ్లీషువాళ్లు దాన్ని రగ్డ్ కంప్యూటర్ అంటారు. మనకు అంతకంటే మంచి మాటే ఉంది: మొండిఘటం.

మొండితనమంటే పెట్టె దళసరిగా ఉండటం అనుకుంటే పొరపాటు. నీరు, దుమ్ము చొరకుండా పెట్టెను బిగించేస్తే లోపలి వేడి ఎటు పోవాలి? చిప్పులు ఆవిరి కుడుముల్లా ఉడికిపోతాయి. ఫ్యాను పెడదామంటే అది గాలితోపాటు దుమ్మునూ లాగుతుంది. అందుకని ఫ్యాను తీసేసి, చిప్పు వేడిని లోహపు పట్టీల మీదుగా పెట్టె గోడలకు పంపిస్తారు. గోడకు బయటివైపు రెక్కలుంటాయి, వేడిని గాలికి వదిలేది అవే. ఇక సర్క్యూట్ బోర్డు మీద, మనం తలుపులకు వార్నిష్ కొట్టినట్టు, కంటికి కనిపించని పల్చటి పూత పూస్తారు. తేమ రాగిని తాకకుండా కాపాడేది ఈ పూతే. కుదుపులకు టంకం విడిపోకుండా బరువైన భాగాలను జిగురుతో అతికిస్తారు. కేబుళ్లను ఊరికే గుచ్చితే కుదరదు, మరలాగా తిప్పి బిగించాల్సిందే.

అప్పుడు పరీక్షలు మొదలవుతాయి. అమెరికా సైన్యం 1962లో తెచ్చిన మిల్-స్టాండర్డ్-810 అనే నియమావళి ఇప్పటికీ చాలా దేశాలకు ఆధారం. మన త్రివిధ దళాలకు జేఎస్ఎస్ 55555 అని సొంత నియమావళి ఉంది. అమెరికా పద్ధతిలో చేతితో మోసే పరికరాన్ని నాలుగడుగుల ఎత్తు నుంచి 26 సార్లు కింద పడేస్తారు. ఎందుకు 26? పెట్టెకు ముఖాలు 6, అంచులు 12, మూలలు 8. దేనికీ మినహాయింపు లేదు.

అదే 1962లో చైనాతో యుద్ధం జరిగింది. సైన్యానికి కావాల్సిన ఎలక్ట్రానిక్స్ కోసం బయటి దేశాల గుమ్మాల ముందు నిలబడాల్సి వస్తోందని ఢిల్లీకి గట్టిగా తెలిసొచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. అందులో భాభా, విక్రమ్ సారాభాయ్ కాక ఉన్నవాళ్లు ఇద్దరూ తెలుగువాళ్లే, అదీ కొల్లేరుకు ఇటొకరూ అటొకరూ. నూజివీడు పక్కనున్న ఆగిరిపల్లికి చెందిన సూరి భగవంతం సర్ సి.వి. రామన్ శిష్యుడు, అప్పటికి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. రెండోవారు అయ్యగారి సాంబశివరావు. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టారు. మోగల్లు అనగానే మనకు అల్లూరి సీతారామరాజు పేరే నోట్లోకి వస్తుంది. న్యాయమే, కానీ ఏ.ఎస్. రావు పేరు మరిచిపోవడం మాత్రం అన్యాయం.

ఆయన కాశీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, స్టాన్‌ఫర్డ్ వెళ్లొచ్చి, భాభా దగ్గర చేరారు. ముంబైలోని ట్రాంబేలో అణు రియాక్టర్లకు కావాల్సిన ఎలక్ట్రానిక్స్ బయట కొనకుండా ఇక్కడే తయారు చేసింది ఆయన బృందమే. 1967లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టే బాధ్యత ఆయన మీదే పడింది. 1969లో ట్రాంబేలో తయారై, ఈసీఐఎల్ చేతికొచ్చిన కంప్యూటరు పేరు టీడీసీ-12.

దాని జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? 12 బిట్ల మాటలు 4,096. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. ఒక్కో బిట్టుకు ఒక్కో ఉంగరం చొప్పున, ఆవగింజంత అయస్కాంతపు ఉంగరాలను సన్నటి తీగల వలలో పూసల్లా గుచ్చితే అదీ దాని మెమరీ. లెక్క వేస్తే 49 వేల పైచిలుకు. ఉంగరం అయస్కాంతం ఒక దిక్కుకుంటే సున్నా, ఎదురు దిక్కుకుంటే ఒకటి. కరెంటు పోయినా ఆ దిక్కు మారదు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలి సముద్రంలో పడిపోయినప్పుడు కూడా, దాని కంప్యూటర్లలోని ఇలాంటి ఉంగరాల మెమరీ చెక్కుచెదరలేదు.

టీడీసీ-12ను నేను మొండిఘటం అనను. అది ఏసీ గదిలో బతికిన సుకుమారి. కానీ కంప్యూటరును లోపలా బయటా మనమే కట్టగలం అని తేల్చిన వాటిలో అదొకటి. విప్పి చూడటం రాని పెట్టెను మొండిగా మార్చడం ఎవరి తరమూ కాదు. పదేళ్లకు, 1979లో, ఈసీఐఎల్ ఓటింగ్ యంత్రం నమూనా చేసింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఓటింగ్ యంత్రాలు పెట్టారు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ చాలు. చేసే పని ఒక్కటే కాబట్టి చెడిపోయే దారులూ తక్కువ. సైన్యపు సరుకు కాకపోయినా నా లెక్కలో అసలైన మొండిఘటం అది.

మనిషి లేని వాహనాల దగ్గరికొస్తే ఈ మొండితనానికి విలువ ఇంకా పెరుగుతుంది. ఆఫీసులో కంప్యూటరు బిగుసుకుపోతే స్విచ్చి ఆపి మళ్లీ వేస్తాం. సముద్రం మీద ఎగిరే డ్రోనుకు స్విచ్చి వేసేదెవరు? 2024 జనవరిలో హైదరాబాదులో నౌకాదళానికి అందించిన దృష్టి-10 డ్రోను 36 గంటలు గాలిలో ఉండగలదు, 450 కిలోలు మోయగలదు. మూలం ఇజ్రాయెల్ వారి హెర్మెస్-900, కూర్పు మనది.

నీటి అడుగున తిరిగే వాహనం సంగతి ఇంకా కష్టం. ఉప్పునీటిలో రేడియో తరంగాలు దూరం పోలేవు కాబట్టి గట్టు మీదివారి మాట దానికి వినపడదు. ఎటు తిరగాలో దాని కంప్యూటరే తేల్చుకోవాలి. టీడీసీ-12 వచ్చిన 1969లోనే పుట్టిన విశాఖపట్నం నౌకాదళ శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల ఇప్పుడు ఇలాంటి మానవరహిత జలాంతర వాహనాల పనిలో ఉంది.

మొండికీ మందు ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో 30 కిలోవాట్ల లేజర్ కిరణంతో ఎగిరే డ్రోనును కూల్చారు. వార్నిష్ పూతలు దానికి అడ్డం రావు.

డ్రోన్లు యుద్ధానికే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవ పోలేని సందుల్లో మేడల మీదివాళ్లకు తిండి పొట్లాలు, మందులు డ్రోన్లే అందించాయి. ఆ బుడమేరు నీళ్లు చేరేది కొల్లేటికే.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడి పిల్లలకు ఒక మాట. మీరు కట్టిన పెట్టె ఏదైనా, ప్రయోగశాల బల్ల మీద పనిచేసిందని మురిసిపోకండి. కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక వెళ్లి, ఏ రైతునైనా అడిగి, జూన్ నుంచి నవంబరు దాకా చెరువు గట్టు మీద ఉంచండి. దీపావళి వెళ్లాక మూత తీయండి.