వంతెనకు పురస్కార మెప్పుడు?

పట్టిసీమ రేవున నిలిచి చూచువానికి గోదావరి నడుమ దేవకూట పర్వతమును, దానిపై వీరభద్రస్వామి యాలయమును, ఈవలి గట్టున ఎత్తిపోతల పథకపు పంపుహౌసును ఏకకాలమున కన్నులబడును. ఆ కొండకు నేటివరకు వంతెన లేదు. శివరాత్రి తీర్థమునకు వేలకొలదిగా వచ్చు జనులు లాంచిపైనో పడవపైనో ఏరు దాటి, నీరు తీసిన రోజులలో ఇసుకతిన్నెపై కొంతమేర కాలినడకను పోయి, మెట్లెక్కవలసినదే. అక్కడినుండి రోడ్డు పట్టి తాళ్లపూడి మీదుగా దిగువకు సాగినచో, కొవ్వూరు చేరునప్పటికి గోదావరిపై నున్న నాలుగు వంతెనలలో మొదట నాలుగవదియు, తరువాత తక్కిన మూడును దర్శనమిచ్చును. పడవకాలము మొదలుకొని కాంక్రీటు విల్లులవరకు మనుష్యుడు ఏరు దాటుటకు పడిన పాట్లన్నియు కొద్దిపాటి ప్రయాణములోనే కానవచ్చు నిట్టి చోటు తెలుగునాట మరియొకటి కలదేమో నేనెరుగను. అందువలననే రహదారులకును వంతెనలకును బహుమానము లిచ్చెడి ఆచారమును గూర్చి ముచ్చటింపవలెనని తోచినపుడు, ఢిల్లీ సభామందిరములకంటె ఈ యేటిగట్టే తగిన స్థలమని నా మనస్సునకు తట్టినది.

సినిమాకు నందు లిచ్చెడివారనియు, కావ్యమునకు అకాడమీ బహుమతి గలదనియు అందరెరుగుదురు. రోడ్డు వేసినవానికిని, వంతెన కట్టినవానికిని పురస్కారములు గలవని చెప్పినచో మాత్రము చాలమంది ఆశ్చర్యపడుదురు. ఈ ఆచారము కొత్తది కాదు. గొఱ్ఱెలకాపరి కొడుకై పుట్టి, తాపీపని నేర్చి, తుదకు బ్రిటనులో రోడ్లకును వంతెనలకును పెట్టినది పేరైన థామస్ టెల్‌ఫర్డు, తాను మొదటి అధ్యక్షుడుగా నుండిన సివిలు ఇంజనీర్ల సంస్థకు మరణశాసనమున కొంత ధనము విడిచిపోగా, దానితో 1835లో ఆయన పేర నొక పతకము నెలకొల్పబడినది. మనదేశమున 1927నాటి జయకర్ సంఘము రోడ్ల దుస్థితిని విచారించి చేసిన సిఫారసుల ఫలితముగా 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ఏర్పడినది. అది తన వార్షిక సభలలో చదువబడిన ప్రామాణిక వ్యాసములకు పతకము లిచ్చుచు వచ్చినది. వంతెనల ఇంజనీర్ల సంస్థయు, కాంక్రీటు నిపుణుల సంస్థయు వేర్వేరుగా మేలైన కట్టడముల నెన్నుకొని సత్కరించుచున్నవి. ఇక కేంద్రప్రభుత్వపు రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ 2018లో జాతీయ రహదారుల ప్రతిభా పురస్కారములను స్థాపించినది. పనిని నడిపించిన తీరు, కట్టిన పిదప దాని పోషణ, ప్రమాదముల నివారణ, పచ్చదనము, కొత్త పద్ధతులు, టోలుగేటు నిర్వహణ, కొండలలోను వరదభూములలోను ఎదురైన కష్టములను గెలిచిన తీరు, ఇట్లు తరగతులుగా విభజించి ఆ బహుమానముల నిచ్చుచున్నారు.

ఎన్నిక యెట్లు జరుగు ననగా, మొదట కట్టిన సంస్థవారే దరఖాస్తు పంపవలెను. అందులో పని వివరములు, పటములు, ఛాయాచిత్రములు, గడువులోపల ముగించితిమని చూపు పత్రములు ఉండును. కాగితములమీద వడపోత జరిగిన పిదప, మిగిలినవానిని కొందరు నిపుణులు స్వయముగా పోయి చూతురు. ఆ పైని పండిత సంఘము తీర్పు చెప్పును. వ్యాపారసంస్థలు నడుపు కొన్ని బహుమతులకు ప్రవేశరుసుము కూడ గలదు. రుసుము కట్టి, తన్ను తాను పొగడుకొని, పిమ్మట సత్కారము నందుకొనుట మన పూర్వపు మర్యాదకు కొంత యెబ్బెట్టుగానే తోచును గాని, దరఖాస్తు లేనిదే దేశమందలి లక్షలాది కిలోమీటర్ల రోడ్డులో నేది మంచిదో తెలిసికొను మార్గము మాత్రమేది?

రోడ్డు బాగున్నదని కంటితో చూచి చెప్పుట శాస్త్రము కాదు. దానికి కొన్ని కొలతలు గలవు. జీపు వెనుక నొంటిచక్రపు బండి నొకదానిని తగిలించి, గంటకు 32 కిలోమీటర్ల వేగమున, హెచ్చుతగ్గులు లేకుండ లాగుకొనిపోవుదురు. ఆ చక్రము రోడ్డుపై నెగిరిపడిన ఎత్తులన్నియు యంత్రములో కూడబడి, కిలోమీటరు కిన్ని మిల్లీమీటర్లని తేలును. దీనిని బంప్ ఇంటిగ్రేటరందురు. పైపై నునుపు ఇంతటితో తెలియును గాని లోపలి గుట్టు తెలియదు. అందులకై గుండ్రని రంపపు గొట్టమును రోడ్డులోనికి దింపి, జున్నుముక్కవంటి స్తంభాకారపు ముక్క నొకదానిని కోసి పైకి తీయుదురు. నల్లని తారుపొరలు ఒకదానిపై నొకటి ఎంతెంత మందమున నున్నవో, వాని నడుమ అంటు పట్టినదో లేదో, కంకర నలిగి గుల్లబారినదో లేక బిగిసియున్నదో ఆ ముక్క చెప్పివేయును. కంట్రాక్టరు దరఖాస్తులోని రంగుబొమ్మ లెన్ని యున్నను, చేతిలోనికి వచ్చిన ఆ నల్లనిముక్క యెదుట అవి నిలువవు. న్యాయమైన పురస్కార సంఘము చూడవలసినది దీనినే.

వంతెన విషయమున చిక్కు ఇంతకన్న నెక్కుడు. దాని ప్రాణమంతయు నీటి అడుగున, ఇసుకలోపల నుండును. గోదావరి వంటి ఇసుక యేటిలో స్తంభములు నిలుపుటకు నూతులు దింపుదురు. మొదట ఉక్కు అంచుగల పెద్ద వలయమును నదీగర్భమున అమర్చి, దానిపై గోడ కట్టుచు పోవుదురు; గోడ నడుమనున్న ఇసుకను ఇనుప గోళ్ల తట్టతో తోడివేయుచుండగా, నూయి తన బరువుచేతనే కొంచెము కొంచెముగా క్రిందికి దిగును. దిగునపుడు ఒకవైపు ఒరిగిన దానిని సరిచేయుట, అడుగున మ్రానో బండయో తగిలిన దానిని తొలగించుట, వరద రాకమునుపే నిలకడగల లోతు చేర్చుట, ఇవన్నియు ఏడాదిలో కొన్నినెలలే సాగు పనులు. జూను మాసమున ఎర్రనీరు దిగినదంటే పని నిలిచినట్లే. ఇంతటి శ్రమ ముగిసిన పిదప నూతిని కాంక్రీటుతోను ఇసుకతోను నింపి మూతవేయుదురు. మరల నెవ్వరికిని అది కనబడదు. ఛాయాచిత్రమున కెక్కునది పైనున్న గర్డరు. భారము మోయునది అడుగుననున్న నూయి.

ఈ దృష్టితో చూచినచో రాజమహేంద్రవరపు వంతెనలలో మొదటిదానికి నమస్కరింపవలెను. కాశిలో గంగపై డఫరిన్ వంతెనను కట్టిన గ్రాన్‌విల్ వాల్టను అను ఇంజనీరే ఇక్కడికి వచ్చి, 1897 నవంబరులో పని మొదలిడి, 1900 ఆగస్టు 30వ తేదీకి రైలు నడిపించెను. యంత్రసామగ్రి అంతగాలేని ఆ కాలమున, 56 ఖానాల వంతెనను మూడేండ్ల లోపల, రెండు కిలోమీటర్లన్నర దాటిన వెడల్పుగల నదిపై నిలిపిన దక్షతను నేటివా రెంతగా మెచ్చుకొన్నను చాలదు. మదరాసు గవర్నరు హావలాకు పేర వెలసిన ఆ వంతెన 1997వరకు, అనగా 97 సంవత్సరములు, మదరాసు హౌరాల నడుమ రైళ్లను మోసినది. దాని స్థానమున వచ్చినది ఆర్చి బ్రిడ్జి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీవారు కట్టిన ఈ వంతెనలో ఒక్కొక్కటి 97 మీటర్లు దాటిన 28 కాంక్రీటు విల్లులు గలవు. విల్లునుండి క్రిందికి వ్రేలాడు తీగెలు రైలుపట్టా గల దూలమును పైకి లాగి పట్టుకొనియుండును. రాజమండ్రిలో నే పోస్టరు చూచినను, ఏ కేలెండరు చూచినను ఈ విల్లులే. లోకులు దానికి స్వయముగా నొక పురస్కార మిచ్చినట్లే.

ఇటీవలి సత్కారములలో నాకు కొంత సంశయము గలిగించునది వేగముపై నున్న మోజు. మహారాష్ట్రలో అమరావతి అకోలాల నడుమ జాతీయరహదారిపై 75 కిలోమీటర్ల తారురోడ్డును 105 గంటల 33 నిమిషములలో వేసి 2022 జూనులో గిన్నిసు రికార్డు సంపాదించిరి. మన పోలవరములోనే 2019 జనవరిలో 24 గంటలలో 32,315.5 ఘనమీటర్ల కాంక్రీటు పోసి మరియొక గిన్నిసు రికార్డు కైవసము చేసికొనిరి. ఇదిగో ఈ పట్టిసీమ పథకము 2015 మార్చిలో శంకుస్థాపన జరిగి, ఆ యేటనే జాతికంకిత మయినది. ఆ వేగమునకు లిమ్కా రికార్డుల పుస్తకమున స్థానము గూడ దొరికినది. అయితే నీరు వదలిన కొలదిరోజులకే ఏలూరు సమీపమున కాలువ అక్విడక్టు దెబ్బతిని, పంపులు నిలుపవలసివచ్చినమాటయు నిజమే. పిమ్మట దానిని బాగుచేసిరి. కృష్ణాడెల్టా రైతు ఆ నీటితో నారు పోసికొనుచున్నాడు. కావున పథకమును తక్కువచేసి మాటలాడుట నా యుద్దేశము కాదు. యంత్రములను, మనుష్యులను, కంకరను, సిమెంటును ఒక్క దినమున ఒక్కచోటికి చేర్చగలుగుట సామాన్యమైన నేర్పు కాదు. కాని గడియారము పట్టుకొని కట్టడపు మేలును కొలుచు అలవాటు ముదిరినచో, ఎల్లప్పుడు తొందరపడువానికే పతకము దక్కును.

మేలును కొలుచు కాల మెంత యుండవలెను? గోదావరి దీనికి సమాధానము చెప్పియే యున్నది. 1953 ఆగస్టులో ధవళేశ్వరము దగ్గర 30 లక్షల క్యూసెక్కులును, 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులును ప్రవహించినవి. రెండవ వరదలో లంకలు మునిగి, గట్లు తెగి, ఊళ్లకు ఊళ్లు ఏటిపాలయినపుడును, రాజమండ్రి వంతెనలు ప్రవాహమున కెదురు నిలిచినవి. అట్టి వరద నొకదానిని చూడని కట్టడమునకు ఉత్తమమని యోగ్యతాపత్ర మిచ్చుట తొందరపాటే యని నే నందును.

ఆలస్యముగా నిచ్చు సత్కారములును లేకపోలేదు. అమెరికా సివిలు ఇంజనీర్ల సంఘము ఏబదియేండ్లు నిండిన కట్టడములనే చారిత్రక కట్టడములుగా గుర్తించును. నీటిపారుదల, మురుగునీటి కాలువల అంతర్జాతీయ సంఘము నూరేండ్లు దాటినవానికే వారసత్వ గుర్తింపు నిచ్చును. ఈ రెండవ సత్కారము 2022 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున మన ధవళేశ్వరమునకు దక్కినది. సర్ ఆర్థరు కాటను 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్ట, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా లంకలను కలుపుకొని నిలిచినది. ధవళేశ్వరపు కొండరాయినే తెచ్చి ఇసుకపై పేర్చిరి. దొరగారికి 1861లో సర్ బిరుదు వచ్చినది. ఆయనకు కుడిభుజముగా పనిచేసిన వీణెం వీరన్నను గోదావరి జిల్లాలవారు తప్ప తక్కినవారు మరచిరి. పాత ఆనకట్ట బలహీనపడగా దానిచెంత కట్టిన బారేజి 1982లో సిద్ధమైనది. దానిపై రోడ్డు వేసినందున తూర్పు పడమర గోదావరులకు మరియొక దారి యేర్పడినది. పని ముగిసిన 170 యేండ్లకు వచ్చిన పురస్కార మది. సభలో దానిని పుచ్చుకొన్నవారెవ్వరును దానిని కట్టినవారు కారు. అట్లని దాని విలువ తగ్గలేదు సరికదా, నా దృష్టిలో హెచ్చినది.

కాటను దొరకు రైళ్లకన్న జలమార్గములపైననే మక్కువ. కాలువలలో పడవలపై సరుకు చవుకగా పోవునని ఆయన జీవితమంతయు వాదించెను. ఆయన కాలువలలో పడవలు నడచిన రోజులను డెల్టా వృద్ధు లిప్పటికిని చెప్పుదురు. నేటి రహదారి పురస్కారములలో మాత్రము పడవకు చోటు లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల యాత్రకు పోవుచున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయినపుడు, రేవులలో తనిఖీయు, ప్రాణరక్షక కవచములును, వరదనీటిలో పడవ నాపు అధికారమును గూర్చి ఎంతయో చర్చ జరిగినది. రహదారి భద్రతకు బహుమతి గలదు గదా. పట్టిసీమ వంటి రేవును ఏడాదిపొడుగున ప్రమాదము లేకుండ నడుపువానికి గూడ నొకటి యుండిన నేమి తప్పు?

పోషణకు వేరుగా నొక తరగతి నేర్పరచుట మంచిపని. దానినింక కొంచెము విస్తరింపవలెను. హావలాకు వంతెనపై రైళ్లు నిలిచిన పిమ్మట, దానిని నడకదారిగాను విహారస్థలముగాను మార్చుదుమను మాట యేండ్లకొలది వినబడుచు వచ్చి, 2025 జూనులో అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరుగుటతో కార్యరూపము ధరింప నారంభించినది. ఇక 1974లో తెరచిన రోడ్డు కం రైలు వంతెనకు 2024లో ఏబదియేండ్లు నిండినవి. అమెరికావారి లెక్కనే పట్టినను అది పురస్కారమున కర్హమైనది. పైన బస్సులును క్రింద రైళ్లును పోవు ఆ వంతెనపై 2023లో మరమ్మతులకై రోడ్డు రాకపోకలు నిలిపినపుడు, కొవ్వూరునుండి రాజమండ్రికి పోవు ఉద్యోగులును, విద్యార్థులును నాలుగవ వంతెన చుట్టు తిరిగి విసుగుకొనిరి. ఆ దినములలో వంతెనపై అతుకులు విప్పి బిగించిన కూలీల పనిని కొలుచుటకు బంప్ ఇంటిగ్రేటరు చాలదు. రేపు ఎవరైన దానిపై దరఖాస్తు పంపదలచినచో, జతచేయవలసిన కాగితము ఆ యంత్రపు లెక్క యొక్కటే కాదు.