మాట లేని శవములు

2002లో ఆంగ్లమున వెలువడిన "రెసిడెంట్ ఈవిల్" చిత్రమున ఒక వైరస్ మృతులను లేపి నడిపించును. ఆ నడచు శవములనే జాంబీలందురు. 2016 నాటికి ఈ కథ ఆరు చిత్రములైనది. తరువాతి భాగములను మేమును పిల్లలతో కూర్చుండి చూచితిమి. తుపాకులు పెరిగినవి, కథ పెరుగలేదు. 2016లోనే వచ్చిన తమిళ చిత్రము "మిరుదన్" ఈ భయమును మన కోయంబత్తూరు వరకు తెచ్చినది.

మన బేతాళ కథలలోను శవము మరల మరల వచ్చును. విక్రమార్కుడు నోరు విప్పగనే అది చెట్టెక్కును. దింపిన ప్రతిసారి అందలి బేతాళుడు క్రొత్త కథ చెప్పి, చిక్కుప్రశ్న వేయును. జాంబీ కఱచునే గాని పలుకదు. పలుకు పోయినచో మిగులునది ఆకలియే.

కోయంబత్తూరు, మధుర ప్రాంతముల తెలుగిండ్లలో పలుకు ఇంకను నిలిచియున్నది, చదువే సన్నగిల్లుచున్నది. తలిదండ్రులారా! పిల్లలు అట్టి చిత్రము చూచిన రాత్రి ఒక బేతాళ కథను తెలుగున చదివింపుడు. సమాధానము వారినే చెప్పనిండు.