పాత కంప్యూటరే ఊరి బడికి సర్వర్
ఏ సిస్టమ్ ఎక్కిస్తే మేలు?

సికింద్రాబాద్: కంప్యూటర్ కొనాలన్నా, బాగు చేయించాలన్నా పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దారి పట్టడం ఇక్కడ ఏనాటి నుంచో ఉన్న అలవాటు. కొత్తవాటితోపాటు సెకండ్ హ్యాండ్‌వీ దొరుకుతాయి. పల్లెలో బడికో, గ్రంథాలయానికో పాతదొకటి కొని సర్వర్‌గా పెట్టాలనుకునేవారు బేరం ఆడేముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి?

సర్వర్ అంటే బ్రహ్మపదార్థం కాదు. అడిగినవారికి అడిగిన కాగితం అందించే గుమాస్తా వంటిది. పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు అందులో ఉంచి ఒక వైఫై రౌటర్ తగిలిస్తే, దాని పరిధిలో ఉన్న ఫోన్లకు అవి అందుతాయి. ఇంటర్నెట్ అక్కరలేదు. ఈ పని చేసే అపాచీ అనే సాఫ్ట్‌వేర్ 1995 నుంచి ఉంది. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా నడుస్తుంది. తేడా అంతా ఎక్కించడంలో, నిలబెట్టడంలో ఉంది.

విండోస్
అందరి చేతికీ అలవాటైనది. ఎక్సాంప్ అనే ఉచిత మూట దించుకుంటే అపాచీతోపాటు డేటాబేస్, పీహెచ్‌పీ ఒకేసారి వస్తాయి. చిక్కు తరువాత మొదలవుతుంది. 80వ నంబరు పోర్టును వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉంటే అపాచీ లేవదు. ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వకపోతే ఫోన్లకు పేజీ అందదు. సర్వీసుగా అమర్చకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్లి నొక్కాలి. పైగా విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే హంగులు చాలా పాత యంత్రాలకు లేవు.

మ్యాక్
వీటిలో అపాచీ ముందే ఉంటుంది. పీహెచ్‌పీని మాత్రం 2021లో తీసివేశారు. అది విడిగా ఎక్కించుకోవాలి. బడి ఖర్చుకు ధర కూడా భారమే.

లినక్స్
ఉబుంటు, డెబియన్ వంటివి ఉచితం. నెట్ ఉన్నచోట ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే అపాచీ తనకు కావలసినవన్నీ తెచ్చుకుని కూర్చుంటుంది. యంత్రం వెలిగితే తానే లేస్తుంది. పాత యంత్రం మీదా తేలికగా నడుస్తుంది. నల్లటి తెరపై అక్షరాలు టైపు చేయడమే మొదట్లో బెరుకు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. నేర్పే మనిషి ఊళ్లో ఒకరుండాలి.

కరెంటు కోతలున్న ఊరికి లినక్సే మేలు. అయితే నెట్ సరిగా లేని ఊరికి తీసుకువెళ్లాక ఎక్కించాలంటే అవస్థ. ఆ పని పట్నంలోనే పూర్తి చేసుకోవాలి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను కూడా దించుకుంటే, పిల్లలు నెట్ లేకుండానే చదువుకోవచ్చు. అన్నిటికీ ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో ఉంచడం మరువరాదు.

కరెంటు రాగానే యంత్రం దానంతట అదే వెలిగేలా బయోస్‌లో అమర్చమని దుకాణంలోనే అడగండి. ఒకసారి ప్లగ్ తీసి, మళ్లీ పెట్టి చూడండి. ఎవరూ ముట్టకుండానే ఫోనులో పేజీ తెరుచుకుంటే డబ్బు చెల్లించవచ్చు.