బట్టీలో గాలికి లెక్క

పిల్లలూ, పెనం మీద అట్టు ఒకపక్క మాడుతూంటే అమ్మ ఏం చేస్తుంది? సెగ అటే ఎక్కువగా తగులుతున్నదని గ్రహించి పెనాన్ని కాస్త తిప్పుతుంది. మరి వేలకొద్దీ బిస్కెట్లు కాలే బట్టీలో ఎవరు తొంగిచూస్తారు?

బిస్కెట్ల ఫ్యాక్టరీలో బట్టీ పొడుగాటి సొరంగంలాగా ఉంటుంది. కదిలే ఉక్కు పట్టీ మీద పచ్చి బిస్కెట్లు ఒక చివర లోపలికి పోయి, కొద్ది నిమిషాలలో కాలి, రెండో చివర బయటికి వస్తాయి. చాలా బట్టీలలో పంకాలు వాటిమీదికి వేడిగాలిని తోలుతాయి. గాలి ఒకచోట జోరుగానూ, మరొకచోట మందంగానూ వీచిందంటే కొన్ని బిస్కెట్లు మాడుతాయి, కొన్ని పచ్చిగా ఉండిపోతాయి. పిండీ దండుగ, ఇంధనమూ దండుగ! గాలి చూస్తే కంటికి కనిపించదు. బట్టీ కట్టేశాక లోపం బయటపడితే, దాన్ని విప్పి మళ్ళీ కట్టడానికి బోలెడు ఖర్చు.

అందుచేత ఇంజనీర్లు బట్టీని ముందు కంప్యూటరులో కడతారు. లోపలి చోటునంతా లక్షలాది చిన్న చిన్న గళ్ళుగా విభజిస్తారు. ఒక గడిలోనుంచి పోయిన గాలి పక్క గడిలోకి రావాలి గదా! ఆ విధంగా ప్రతి గడిలోనూ గాలి ఎటు పోతున్నదీ, ఎంత వేగంగా, ఎంత వేడిగా ఉన్నదీ లెక్క కడతారు.

గళ్ళ లెక్క కొత్తది కాదు. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు వాతావరణాన్ని ఇలాగే గళ్ళుగా విభజించి లెక్క కట్టి, 1922లో పుస్తకం ప్రచురించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఆరు గంటలలో వచ్చే మార్పును చేత్తో లెక్క కట్టడానికి ఆయనకు వారాలు పట్టింది. తీరా చూస్తే గాలి పీడనం విపరీతంగా పెరగాలని లెక్క తేలింది. నిజానికి అది ఇంచుమించు మారనేలేదు! అయినా ఉపాయం మంచిదే. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరు మీద గళ్ళ లెక్క వేసి వాతావరణాన్ని అంచనా కట్టగలిగారు.

కాబట్టి కంప్యూటరు చెప్పిందని ఇంజనీర్లు గుడ్డిగా నమ్మరు. ఉష్ణోగ్రత కొలిచే పరికరాన్ని కూడా పట్టీ మీద పెట్టి బట్టీగుండా పంపుతారు. కొలత, లెక్క సరిపోకపోతే లెక్కనే దిద్దుతారు. సరిపోతే, గాలిని మళ్ళించే రేకులు ఎక్కడ పెట్టాలో, పంకా ఎంత వేగంగా తిరగాలో కంప్యూటరులోనే మార్చి మార్చి చూస్తారు.

ఈసారి బిస్కెట్టు తినేముందు వెనక్కు తిప్పి చూడండి. పైభాగమూ, అడుగుభాగమూ ఒకే రంగులో ఉన్నాయా? పైభాగానికి గాలి వేడి తగిలింది, అడుగుకు పట్టీ వేడి తగిలింది. ఈ రెండు వేడులనూ సమానం చెయ్యటానికే ఇంత లెక్క!