కలకత్తా దాచిన మన పేర్లు

1964 మే 27. నెహ్రూ కన్నుమూసిన రోజు. దేశమంతా రేడియోల చుట్టూ చేరి ఢిల్లీ కబురు వింటోంది. అదే రోజు ఇజ్రాయెల్‌లో ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీల్లో భారత జట్టు దక్షిణ కొరియా మీద ఆడింది. ఆట మొదలైన రెండో నిమిషంలోనే మనవాళ్లు గోలు కొట్టారు. కొట్టినవాడి పేరు అప్పలరాజు. తర్వాత ఇందర్ సింగ్ ఇంకొకటి కొట్టాడు. 2-0తో మ్యాచ్ మనదైంది. ఆ టోర్నీలో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆసియా కప్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి నడివీధిలో నిలబడి "అప్పలరాజూ" అని కేకేసినా ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూస్తారు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఇక్కడ తక్కువ. కానీ దేశం తరఫున గోలు కొట్టిన ఈ అప్పలరాజు ఎవరని అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆయన ఆడింది కలకత్తాలో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టులో. ఆ జట్టును అందరూ బి.ఎన్.ఆర్. అనేవాళ్లు. 1955లో రైల్వే పేరు సౌత్ ఈస్టర్న్ అని మారినా ఫుట్‌బాల్ జట్టును మాత్రం పాత పేరుతోనే పిలిచారు. అభిమానులు పేర్లను అంత తేలిగ్గా వదలరు.

ఆ రైల్వే ఉత్తరాంధ్రకు పరాయిది కాదు. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఆ పట్టాల వెంట మన జిల్లాల జనం వేలల్లో కొలువులకు వెళ్లారు. ఖరగ్‌పూర్‌లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పాతపట్నం మీదుగా వెళ్లే నౌపడ-గుణుపూర్ లైను కూడా మొదట పర్లాకిమిడి సంస్థానం వేసుకున్న చిన్న గేజి లైనే. 1900లో రైలు నడిచింది, తర్వాత అది బి.ఎన్.ఆర్. చేతికి వెళ్లింది. అంటే పాతపట్నం స్టేషనూ, కలకత్తా మైదానంలో అప్పలరాజు ఆడిన జట్టూ ఒకప్పుడు ఒకే రైల్వే గొడుగు కింద ఉన్నాయన్నమాట.

అంత దగ్గరి మనిషి ఇంత దూరం ఎలా అయ్యాడు? ఫుట్‌బాల్ అభిమానులు పాత ఆటగాళ్లను తరతరాలుగా ఎలా గుర్తుపెట్టుకుంటారో చూస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. ఆ పని మన దేశంలో అందరికంటే శ్రద్ధగా చేసే ఊరు కలకత్తా.

అక్కడ క్లబ్బు ఇంటిపేరులా వారసత్వంగా వస్తుంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్... ఈ రెంటిలో ఏదో ఒకటి పిల్లవాడికి తండ్రి నుంచి సంక్రమిస్తుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు చాలా మటుకు ఈస్ట్ బెంగాల్ పక్షం చేరాయి. పోయిన ఊరిని తల్చుకోవడమూ, జట్టును తల్చుకోవడమూ ఆ ఇళ్లల్లో కలిసిపోయాయి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస జాతి చేప ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం అక్కడి ఆనవాయితీ. కంచం ముందు కూర్చున్న మనవడికి తాత చెప్పే మాటల్లో పాత గోల్స్, పాత పేర్లు దొర్లుతాయి. ఆ పిల్లవాడు చూడని మ్యాచ్ కూడా వాడి సొంత జ్ఞాపకం అయిపోతుంది.

ఏటా జూలై 29 వస్తే మోహన్ బగాన్ వాళ్లకు పండగ. 1911లో ఆ రోజున ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో వాళ్ల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. పదకొండు మందిలో పది మందివి ఉత్త కాళ్లు. సుధీర్ ఛటర్జీ ఒక్కడే బూట్లు తొడుక్కున్నాడు. గోల్స్ కొట్టినవాళ్లు శివదాస్ భాదురి, అభిలాష్ ఘోష్. ఆ ఆట చూసినవాడు ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కడూ లేడు. కదిలే బొమ్మగా చూసుకునే వీలూ లేదు. అయినా ఆ పదకొండు పేర్లూ వరుసగా అప్పజెప్పే అభిమానులు ఉన్నారు. 2001 నుంచి అదే తేదీన పాత ఆటగాళ్లకు 'మోహన్ బగాన్ రత్న' ఇస్తున్నారు. ఏటా ఒక రోజంటూ పెట్టుకోబట్టే నూరేళ్లు దాటినా ఆ పేర్లు నోళ్లలో ఆడుతున్నాయి.

దుఃఖానికీ అక్కడ ఒక తేదీ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుండగా గ్యాలరీలో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. అప్పటినుంచి ఆ తేదీన వాళ్ల పేరిట రక్తదానం చేస్తున్నారు. ఆడినవాళ్లతో పాటు, ఆట చూడటానికి వచ్చి ఇంటికి తిరిగి వెళ్లనివాళ్లు కూడా అక్కడ గుర్తుండిపోయారు.

ఇటలీలోని టురిన్‌లోనూ ఇలాంటి ఆచారమే ఉంది. 1949 మే 4న టొరినో జట్టు దాదాపు మొత్తం ప్రయాణిస్తున్న విమానం ఊరి పక్కనున్న సుపెర్గా కొండను ఢీకొని కూలిపోయింది. ఏటా ఆ రోజున అభిమానులు కొండెక్కుతారు. ఆ ఏడాది జట్టు కెప్టెన్ ఎవరైతే వాళ్లు చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే బిగ్గరగా చదువుతారు. ఈనాటి ఆటగాడి నోట ఆనాటి ఆటగాడి పేరు వినిపించడం కోసం వేల మంది అక్కడ నిలబడతారు.

ఇక మన సంగతి. తెలుగు నేల మీద ఫుట్‌బాల్ లేదనుకుంటే అది పొరపాటు. హైదరాబాద్ ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ పాఠాలు నేర్పింది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు ఆ జట్టుదే. భారత జట్టుకూ ఆయనే కోచ్. ఆయన శిక్షణలో 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఉత్త కాళ్లతో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ సెమీఫైనల్‌కు వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, సలాం.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంకు క్యాన్సర్ ముదిరిపోయింది. ఫైనల్లో గ్యాలరీ అంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ గోలు కొట్టాడు, పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు, కొరియా మీద 2-1తో స్వర్ణం మనదైంది. తొమ్మిది నెలలు దాటాయో లేదో, 1963 జూన్ 11న, రహీం వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇంతటి చరిత్ర ఉండి కూడా సగటు తెలుగు పాఠకుడికి రహీం పేరు 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాకే తెలిసింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సిటీ పోలీస్ అన్నది ప్రభుత్వ శాఖ జట్టు. దానికి సభ్యత్వ పుస్తకం లేదు, తండ్రి కొడుక్కి అప్పగించే సభ్యత్వ కార్డు లేదు, ఏటా జరుపుకునే రోజు లేదు. ఆ జట్టే ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో డ్యూరాండ్ కప్ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ ట్రోఫీ మళ్లీ తెలుగువాళ్ల చేతికి రాలేదు. మెరికల్లాంటి కుర్రాళ్లు ఒక్కొక్కరే కలకత్తా రైలెక్కారు. వాళ్లతో పాటు వాళ్ల కథలూ వెళ్లిపోయాయి.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం సంగతే చూడండి. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం... ఈ ముగ్గురి పేర్లనూ కలకత్తా కవిత్రయం పేర్ల మాదిరి కలిపే పలుకుతుంది. ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1963లో బి.ఎన్.ఆర్.కు మారిన బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో పాతికేళ్లు దాటిన కొద్దికాలానికే ఆట మానేశాడు. సొంతూరికి తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. ఆరు దశాబ్దాలుగా బంతి తన్నని మనిషిని బెంగాల్ తన సొంత బిడ్డగా సాగనంపింది.

హైదరాబాద్ వాడే అయిన మహమ్మద్ హబీబ్‌ను కలకత్తా 'బడే మియా' అంది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి మూడు పక్షాల చేతా ఔననిపించుకోవడం మామూలు విషయం కాదు. 1977 సెప్టెంబరు 24న పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలువరించింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోలు కొట్టాడు. ఆ సెకన్ల లెక్క కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు.

అభిమానుల జ్ఞాపకం ఎప్పుడూ నిజమే చెబుతుందనీ అనలేం. 1950 ప్రపంచ కప్‌కు భారత్ వెళ్లకపోవడానికి ఉత్త కాళ్లతో ఆడనివ్వకపోవడమే కారణమని దశాబ్దాలుగా అందరూ చెప్పుకున్నారు. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్‌ను మన ఫుట్‌బాల్ పెద్దలు పెద్దగా లెక్కచేయలేదన్నదే అసలు సంగతి. ఆ రోజుల్లో ఆడిన శైలేన్ మన్నా స్వయంగా బూట్ల కథను కొట్టిపారేశాడు. అయినా అది చావలేదు. చెప్పడానికి బాగుండే కథ కాగితం మీది నిజం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకే పేర్లతో పాటు తేదీలూ స్కోర్లూ రాసిపెట్టుకోవడం ముఖ్యం.

మన జిల్లాలవాళ్లకు జ్ఞాపకశక్తి తక్కువని ఎవరూ అనలేరు. వీరఘట్టంలో పుట్టి 1942లో పోయిన కోడి రామ్మూర్తి నాయుడు దీనికి సాక్ష్యం. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, ఒంటికి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచాడనీ చెప్పే కథలు వినకుండా పెరిగిన పిల్లలు ఉత్తరాంధ్రలో తక్కువ. ఆయన సర్కస్ చూసిన కళ్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి. అయినా శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది. ఆ విగ్రహం ముందు ఆగిన పిల్లవాడు "ఎవరు నాన్నా?" అని అడుగుతాడు. అక్కడ కథ మళ్లీ మొదలవుతుంది. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరూ ఈ జిల్లాల ఇళ్లల్లో అలాగే నిలిచింది. మల్లయోధుడికీ, బరువులెత్తిన ఆడబిడ్డకూ దక్కిన ఆ చోటు ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు దక్కలేదు. వాళ్లు తక్కువవాళ్లయి కాదు. వాళ్ల ఆట ఇక్కడ జరగలేదు, వాళ్ల గురించి అడగడానికి ఇక్కడ విగ్రహమూ లేదు, వీధి పేరూ లేదు.

కొత్త క్లబ్బులు ఈ లోటు తీరుస్తాయనుకుంటే అదీ జరగలేదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి ఆశలు రేపింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బు ఊరు వదిలితే దాని వెంట వచ్చిన కుర్రాళ్లకు తమ తర్వాతివాళ్లకు చెప్పుకోవడానికి ఏమి మిగులుతుంది?

కాబట్టి ఈ పని క్లబ్బుల కోసం ఆగక ఇళ్లల్లోనే మొదలవాలి. ఖరగ్‌పూర్‌లోనో, వాల్తేరులోనో, కలకత్తాలోనో రైల్వే కొలువు చేసి వచ్చిన పెద్దలు పాతపట్నం, టెక్కలి, పలాస, బొబ్బిలి చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో జెర్సీలు తొడుక్కుని వరసగా నిలబడిన జట్ల ఫొటోలు ఉంటే, ఎవరెవరో ఆ పెద్దలనే అడిగి, ఒక్కొక్కరి పేరూ, ఊరూ, ఏడాదీ ఫొటో వెనక రాసిపెట్టండి. ఆ వివరాలు మీ ఊరి లైబ్రరీకో, హైస్కూలు పీఈటీ మాస్టారికో ఇవ్వండి. ఈ వేసవి సెలవుల్లోనే అడగండి.