వేడిని మోసే పెట్టె

ఫ్రిజ్ తలుపు తీసి కూరగాయల డబ్బా పక్కన లోపలి గోడ మీద చూడండి, ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. కొన్నవాళ్లు దాన్ని చదవరు. రిపేరుకు వచ్చిన మెకానిక్ మాత్రం ముందు దాన్నే వెతుకుతాడు. వోల్టులు, లీటర్లు, గ్యాస్ పేరు, ఆ గ్యాస్ ఎన్ని గ్రాములన్న వివరాలతో పాటు చాలా కంపెనీలు దానిమీద ‘టి’ అనే అక్షరం కూడా వేస్తాయి. ఉష్ణదేశాల కోసం తయారైన ఫ్రిజ్ అని దాని అర్థం. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ తరగతి ఫ్రిజ్ పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత 16 నుంచి 43 డిగ్రీలు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మే నెల ఎండ 43 దగ్గర ఆగుతుందని ఎవరూ చెప్పరు. వంటిల్లు సిమెంటు రేకుల కింద ఉండి, పక్కనే స్టవ్ మీద పప్పు ఉడుకుతుంటే లోపలి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే ఏటా కొన్ని వారాలు మన ఫ్రిజ్ కంపెనీ వాళ్లు గీసిన గీతను దాటి పనిచేస్తుంది. ఏ రకం కొనాలి, ఎక్కడ పెట్టాలి, చల్లబడకపోతే ఏం చూడాలి అన్నవన్నీ ఈ వేడితోనే ముడిపడి ఉన్నాయి.

ఎందుకంటే ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలున్న వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. రంజన్‌లో నీళ్లు ఎలా చల్లబడతాయో ఇక్కడా అదే సూత్రం. మట్టి చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల నుంచి వేడి లాక్కుంటుంది. ఫ్రిజ్‌లో నీటికి బదులు త్వరగా ఆవిరయ్యే గ్యాస్ ఉంటుంది. పైగా రంజన్ చెమ్మ గాలిలో కలిసిపోతుంది, ఫ్రిజ్ తన గ్యాస్‌ను పోనివ్వదు. కంప్రెసర్ ఆ ఆవిరిని ఒత్తి వేడెక్కిస్తుంది, వెనకో పక్కనో ఉన్న కాయిల్‌లో అది వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. ఆ ద్రవం లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా లేని సన్నని రాగి గొట్టంలోంచి ఫ్రీజర్‌లోకి దూరి మళ్లీ ఆవిరవుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఇదే తిరుగుడు.

18వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్‌లో విలియం కలెన్ ఈథర్‌ను పలచని గాలిలో ఆవిరి చేసి కొద్దిగా మంచు కట్టించాడు. అది తరగతి గది ముచ్చట దాటలేదు. 1834లో లండన్‌లో ఉంటున్న అమెరికన్ జేకబ్ పెర్కిన్స్ ఆ ఆవిరిని వృథా పోనివ్వకుండా తిప్పి తిప్పి వాడే యంత్రానికి పేటెంట్ పొందాడు. మన ఇంట్లో ఉన్నది దాని వారసురాలే. విచిత్రం ఏమిటంటే, అంతకు ఏడాది ముందే, 1833లో, ‘టస్కనీ’ అనే ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి చెరువుల మంచు గడ్డలు నింపుకొని కలకత్తా వచ్చింది. సుమారు 180 టన్నులతో బయలుదేరితే నాలుగు నెలల ప్రయాణంలో కరిగినంత కరిగి వంద టన్నుల దాకా మిగిలిందట! తర్వాత మద్రాసుకూ మంచు వచ్చింది. మెరీనా ఒడ్డున దాన్ని దాచిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే.

ఇంటి ఫ్రిజ్‌కు అసలు చిక్కు గ్యాస్ దగ్గర వచ్చింది. తొలి ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. గొట్టం చీలితే ఇంట్లో మనుషులే పోయేవారు. అలాంటి వార్త చదివే ఐన్‌స్టీన్, తన మిత్రుడు లియో జిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌కు రూపకల్పన చేశాడంటారు. వాళ్లకు 1930లో అమెరికా పేటెంట్ కూడా వచ్చింది, కానీ ఆ ఫ్రిజ్ మాత్రం అంగట్లోకి రాలేదు. దానికన్నా ముందే థామస్ మిడ్గ్లీ బృందం విషం లేని, మండని సీఎఫ్‌సీ గ్యాస్ కనిపెట్టింది. 1930లో మిడ్గ్లీ ఆ గ్యాస్‌ను అందరిముందూ గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదకు వదిలి ఆర్పి చూపించాడు. మనిషికి హాని లేదన్నది నిజమే. హాని ఎక్కడో పైన జరుగుతోందని తెలియడానికి మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తుందని లెక్క తేల్చారు, దాని వాడకాన్ని ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది.

ఇప్పుడు స్టిక్కరు మీద ఎక్కువగా కనిపించే ‘ఆర్-600ఎ’ అంటే ఐసోబ్యుటేన్. వంట సిలిండర్‌లో ఉండే గ్యాస్ కుటుంబానిదే. మండుతుందని భయపడేవాళ్లున్నారు. నిజమే, మండుతుంది. అయితే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఉండేది 50 గ్రాముల అటూ ఇటూ. అదే వంటింట్లో 14.2 కిలోల సిలిండర్ పక్కన మనం నిశ్చింతగా టీ కాచుకుంటున్నాం.

మన దగ్గర ఫ్రిజ్ కథలో ఆల్విన్ పేరు రాకుండా ఉండదు. 1942లో, నిజాం కాలంలో, హైదరాబాద్‌లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ బస్సు బాడీలు, బీరువాలు చేసి, తర్వాత ఫ్రిజ్‌లకు దిగింది. దేశంలో తొలి సొంత ఫ్రిజ్ గోద్రెజ్ వాళ్లది, 1958లో. కానీ తెలంగాణలో పాతతరం వాళ్లకు ఫ్రిజ్ అంటే సనత్‌నగర్ ఆల్వినే. 1990ల్లో ఆ వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. నల్లగొండ జిల్లాలో ఆ పెట్టె ఇంటింటికీ చేరడానికి ముందు ఇంకోటి రావాల్సి వచ్చింది, నీళ్లు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. ఫ్రిజ్ కొనే స్తోమత ఆ వడ్ల వెంటే వచ్చింది.

ఆ మిల్లులు ఫ్రిజ్‌కు ఒక చిన్న బెడద కూడా తెచ్చిపెట్టాయి. ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్లలో ఊక కాలుస్తారు. చుట్టుపక్కల ఇళ్లలో డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్లని నలుసులు పడతాయి. అవే నలుసులు, తవుడు దుమ్ము, వంటింటి నూనె జిడ్డు కలిసి పాత ఫ్రిజ్‌ల వెనక నల్లని జాలీ మీద కంబళిలా పేరుకుంటాయి. వేడి బయటికి పోయే దారి అదే కదా. దారి మూసుకుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరుగు మాత్రం పులుస్తుంది. ప్లగ్గు తీసి మెత్తని బ్రష్‌తో ఆ జాలీ దులిపితే సగం రోగం పోతుంది.

కొత్త ఫ్రిజ్‌లకు వెనక జాలీ కనిపించదు. కాయిల్‌ను పక్క రేకుల లోపల దాచేశారు. అందుకే ఎండాకాలంలో మెకానిక్‌కు వచ్చే ఫోన్లలో ఇదొకటి. “తమ్ముడూ, కొత్త ఫ్రిజ్ పక్కలు కాలుతున్నయ్, లోపల షార్టయినట్టుంది.” వచ్చి చూస్తే ఫ్రిజ్ హాల్లో మూలకు బిగించి ఉంటుంది. పైన పూల అంచు కవరు, అది రెండు పక్కలా మోకాలి దాకా వేలాడుతూ ఉంటుంది, దాని జేబుల్లో కరెంటు బిల్లులు, మందుల చీటీలు. “షార్ట్ గాదక్కా, అది వేడి బైటికి ఇడుస్తుంది. ముందుగాల ఆ కవర్ తియ్యుండ్రి.” రెండు పక్కలా, వెనకా నాలుగైదు అంగుళాలు వదలమంటాడు. ఫ్రిజ్ కొలతకు సరిగ్గా అరమార గూడు కట్టించుకున్నవాళ్లకు ఈ మాట అస్సలు నచ్చదు.

ఎంత తేడా వస్తుందో లెక్క వేయొచ్చు. ఫ్రీజర్ మైనస్ 18లో ఉండాలనుకోండి. గది 32 డిగ్రీలుంటే తేడా 50, గది 44 ఉంటే 62. గోడల్లోంచి లోపలికి చొరబడే వేడి నాలుగో వంతు పెరుగుతుంది. చొరబడిన ప్రతి పాలు వేడినీ బయటికి నెట్టడానికి పట్టే శ్రమ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. రెండూ కలిస్తే కంప్రెసర్ పని ఒకటిన్నర రెట్లు. ఇది లోపం లేని యంత్రానికి కాగితం మీది లెక్క. అసలు యంత్రానికి ఇంకాస్త ఎక్కువే.

ఇక ఏ అమరిక కొనాలి? షాపులో ముందు చూపించేది రెండు తలుపులు పక్కపక్కన ఉండే సైడ్ బై సైడ్. అయిదారు వందల లీటర్లు, చూడటానికి దర్జాగా ఉంటుంది. కానీ నిలువునా రెండుగా చీల్చడం వల్ల అరలు ఇరుకు. పండగనాటి వెడల్పు గిన్నె, పెళ్లివారు పంపిన స్వీట్ల పళ్లెం అందులో పట్టవు. నలుగురున్న ఇంటికి దాన్ని నేను సిఫారసు చేయను. ఇద్దరు ముగ్గురుండే ఇంటికి 180, 190 లీటర్ల సింగిల్ డోర్ ఇప్పటికీ మంచి బేరం. ధర తక్కువ, కరెంటు తక్కువ, పాడైతే కోదాడలో ఏ మెకానికైనా బాగు చేస్తాడు. దానిలో ఐస్‌క్రీం గట్టిగా నిలవదు, మంచు పేరుకుంటుంది. ఈ రెండూ సర్దుకుంటే చాలు. పై ఫ్రీజర్ ఉన్న డబుల్ డోర్‌లో మంచు పేరుకోదు, కానీ లోపల ఫ్యాను గాలి తిరుగుతుంది కాబట్టి మూత లేని కొత్తిమీర, కరివేపాకు త్వరగా వడలిపోతాయి. మాంసం, చేపలు దాచుకునే ఇంటికి ఇది నప్పుతుంది. ఫ్రీజర్ పెద్దగా వాడని ఇంట్లో, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే, ఫ్రీజర్ కింద ఉండే రకం సుఖం. కూరగాయల కోసం రోజుకు పదిసార్లు వంగాల్సిన పని తప్పుతుంది.

స్టార్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఈ స్టార్లను ఒక్కో రకంలో వాటిని వాటితోనే పోల్చి ఇస్తుంది. పెద్ద ఫ్రిజ్ మీద మూడు స్టార్లుండి, చిన్న సింగిల్ డోర్ మీద రెండే ఉన్నా తక్కువ కరెంటు కాల్చేది చిన్నదే కావచ్చు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని చూడండి. ఏ సంవత్సరం లేబులో కూడా చూడండి. ప్రమాణాలు మారుతుంటాయి, పాత అయిదు స్టార్లు కొత్త అయిదుకు సమానం కావు.

రోగాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది డబుల్ డోర్‌లో వచ్చే ఒక వింత. పైన ఐస్ రాయిలా ఉంటుంది, కింద పాలు విరుగుతాయి. ‘పైన గడ్డ కడుతుంది కదా, గ్యాస్ ఉన్నట్టే’ అంటారు ఇంట్లోవాళ్లు. నిజమే, గ్యాస్ ఉంది. ఫ్రీజర్ వెనక గోడలో దాగిన కాయిల్ మీద పట్టే మంచును రోజుకు కొన్నిసార్లు ఒక చిన్న హీటరు కరిగించాలి. హీటరో, దాని సెన్సరో పోతే మంచు గోడలా పెరిగి ఫ్యాను గాలికి అడ్డుపడుతుంది, చల్లగాలి కిందకు దిగదు. స్విచ్ ఆపి, తలుపు తెరిచి ఒక రోజు వదిలేస్తే మంచంతా కరిగి ఫ్రిజ్ కొన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మళ్లీ అదే వస్తే మార్చాల్సింది గ్యాస్ కాదు, ఆ చిన్న భాగం.

సింగిల్ డోర్‌కు ప్రాణాంతకం వంటింటి చాకు. పేరుకున్న మంచులో ఇరుక్కున్న ఐస్ ట్రేను ఊడదీయడానికి పొడుస్తారు. ఫ్రీజర్ పెట్టె పలచటి అల్యూమినియం రేకు, దాని లోపలే గ్యాస్ దారులు. ‘తుస్’ మన్నదంటే ఆ పెట్టె మార్చాల్సిందే. ఆ క్షణంలో స్టవ్ ఆపి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా ఉండాలి.

సాయంత్రాలు వోల్టేజి పడిపోయినప్పుడు ‘టక్’ మని ఒక చప్పుడు, కొద్ది నిమిషాలకు మళ్లీ ‘టక్’. మోటారు లేవడానికి కావాల్సిన బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 160 వస్తే సగం బలం కూడా మిగలదు. లేవలేక వేడెక్కిన మోటారు కాలిపోకుండా ‘ఓవర్‌లోడ్’ అనే రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉన్న ఇన్వర్టర్ కంప్రెసర్లు దీన్ని బాగానే తట్టుకుంటాయి, కానీ ఎంత వోల్టేజి దాకా అన్నది చదివి నమ్మాలి.

తలుపు రబ్బరు వదులైందేమో చూడాలంటే పది రూపాయల నోటును మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదు. కొత్తది కొనేముందు సబ్బునీళ్లతో కడిగి, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఒత్తి చూడండి, చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిస్తే వెనక గోడ అడుగున ఉన్న రంధ్రం మూసుకుపోయినట్టు. అందులోకి సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే ఓ కొత్తిమీర ఆకో, మెంతి కాడో బయటపడుతుంది.

నిజంగా గ్యాసే పోయినప్పుడు మెకానిక్ సంచిలో ఏముందో గమనించండి. పాత గ్యాస్‌ల కాలంలో గేజి ముల్లు చూసి, గొట్టం పట్టుకొని అలవాటు మీద నింపేవారు. ఐసోబ్యుటేన్‌కు అది కుదరదు. తక్కువ ఒత్తిడి వైపు బయటి గాలి కన్నా కూడా ఒత్తిడి తక్కువగా నడుస్తుంది కాబట్టి చిల్లు పడితే గ్యాస్ పోవడమే కాదు, గాలీ తేమా లోపలికి వస్తాయి. ఫిల్టర్ మార్చాలి, వాక్యూమ్ పంపుతో లోపలంతా పీల్చాలి, ఆ తర్వాత స్టిక్కరు మీద ఉన్నన్ని గ్రాములు తూకం వేసి నింపాలి. త్రాసు లేకుండా వచ్చినవాడికి పని అప్పగిస్తే నెలలో మళ్లీ ఫోన్ చేయాల్సి రావచ్చు. లోపల మిగిలిన తేమ సన్నగొట్టం చివర గడ్డకట్టి, కాసేపు చల్లబడటం, కాసేపు ఆగడం మొదలవుతుంది.

బాగు చేయడానికి లొంగనిది పాత సామాన్ల వాడికి పోతుంది. అతను లెక్కగట్టేది రాగి గొట్టం, కంప్రెసర్, ఇనుప రేకు. ముందు కోసేది రాగినే. దాంతో అందులో మిగిలిన గ్యాస్ గాలిలో కలుస్తుంది. మన దేశం 2008లోనే సీఎఫ్‌సీల తయారీ ఆపేసింది, అయినా అంతకు ముందరి ఫ్రిజ్‌ల గొట్టాల్లో, గోడల నురుగులో అది ఇంకా ఉంది. ఈ-వ్యర్థాల నిబంధనల్లో ఫ్రిజ్ కూడా ఉంది కాబట్టి కంపెనీలు పాతదాన్ని సరైన చోటికి చేర్చాల్సిన బాధ్యత తీసుకున్నట్టే. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని ఎక్స్చేంజిలో ఇస్తే అది ఎక్కడికి పోతుందని డీలర్‌ను అడగండి. పాత సామాన్ల వాడు ఇచ్చే దానికన్నా నాలుగు వందలు తక్కువ చెప్పినా అక్కడే ఇవ్వడం మేలు.