పెంపుడు చిలుక పిల్లకు మేత నేర్పుట

పాడిపశువుల దాణాను గూర్చియు, కోళ్ల మేతను గూర్చియు వ్రాయు పుటలలో చిలుక మేతకు చోటేల యని కొందఱు సభ్యులు తలపవచ్చును. కాని యిప్పుడు పల్లెలలో సహితము అనేకుల యిండ్ల వసారాలలో చిన్న పంజరములు వ్రేలాడుచున్నవి. పిల్లలు మారాము చేయగా సంతలోనో, పట్టణపు బజారులోనో 'లవ్ బర్డ్స్' అను పేర కొనితెచ్చిన పచ్చని, పసుపుపచ్చని, నీలిరంగు చిన్న చిలుకలు వానిలో నుండును. దుకాణదారుడు ఒక పొట్లము కొఱ్ఱలు చేతికిచ్చి, వీనికివి చాలునని పంపును. ఆ మాట నమ్మి యింటివారు కొఱ్ఱలే పోయుచుందురు. చక్కగా మేపిన యెడల ఏడెనిమిదేండ్లు బ్రదుకదగిన పిట్ట రెండు మూడేండ్లకే ముడుచుకొని కూర్చుండి యొకనాడు చచ్చి పడియుండును. దిష్టి తగిలినదనియో, ఎండ దెబ్బయనియో యనుకొందురుగాని, మేతను అనుమానించువారు తక్కువ.

నిజమునకు ఇవి లవ్ బర్డ్స్ కావు. ఆ పేరు ఆఫ్రికా ఖండపు వేఱొక చిలుకజాతికి చెందినది. మన బజారులలో విరివిగా నమ్మునవి ఆస్ట్రేలియా దేశపు బడ్జిరిగార్ అనునవి. 1840లో జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు గొనిపోయెను. పిదప ఇవి పంజరములలోనే పిల్లలను పెట్టుచు లోకమంతట వ్యాపించినవి. మన తాటితొఱ్ఱలలోని రామచిలుక సంగతి వేఱు. దాని పిల్లను గూటినుండి దింపి పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అట్టి పిల్ల నేలబడి దొరకినచో అటవీశాఖవారి కప్పగింపవలయును. ఇచట వ్రాయునది బడ్జిరిగార్ పిల్లను గూర్చియే.

ఈ పిట్ట గింజలు తిను జాతిదే. అందు సందేహము లేదు. స్వదేశమున వానలు కురిసిన ప్రాంతములను వెదకికొనుచు గుంపులుగా నెగిరిపోయి, అచట గడ్డిగింజలను తినును. అయితే ఆ గింజలన్నియు గాదెలో నెండిన గింజలు కావు. సగము పండినవి, పాలుపోసుకొన్నవి, తడిసి మొలకెత్తినవియు వానిలో నుండును. ఒక్క జాతి గింజయు కాదు. మఱియు దినమెల్ల నెగురును. మన పంజరములోని పిట్టకు ఎండిన కొఱ్ఱలు మాత్రమే దొరకును, ఎగురుటకు మూరెడు చోటుండును.

ఎండు గింజలో పిండిపదార్థము సమృద్ధిగా గలదు. 'ఎ' విటమిను, సున్నము, అయోడిను చాలినంత లేవు. 'ఎ' విటమిను తక్కువైనప్పుడు నోటిలోను, ముక్కులోను, శ్వాసనాళములోను తడిగా నుండవలసిన లోపలిపొర గట్టిపడి పొట్టులేచును. అప్పుడు రోగక్రిములకు ద్వారము తెఱచినట్లగును. పిట్ట తుమ్ముచుండును, ముక్కురంధ్రములు మూసికొనును, కనురెప్పలు వాచును. సున్నము చాలని ఆడుపిట్టకు గ్రుడ్డు లోపలనే చిక్కుకొని ప్రాణాపాయము కలుగును. అయోడిను చాలనిచో కంఠములోని థైరాయిడ్ గ్రంథి పెరిగి గాలిగొట్టమును, మేతసంచిని నొక్కును. పిట్ట గొంతు మారి యూపిరితోపాటు కీచుమను ధ్వని వచ్చును. ఇక పొద్దుతిరుగుడు గింజల మాట. అవి రైతునకు ఆదాయమిచ్చు పంటయేగాని, వాని పప్పులో దాదాపు సగము నూనె. ఎగురుటకు చోటులేని పిట్టకు అవియే మేతగా పెట్టినచో కాలేయమున క్రొవ్వు చేరును. పిట్ట వానిని మిక్కిలి యిష్టపడుటచే యింటివారు మురిసి మఱిన్ని పెట్టుచుందురు.

అట్లయిన ఆకుకూరయు, క్యారెట్టు ముక్కయు పెట్టినచో సరిపోవును గదా యని యడుగవచ్చును. చిక్కంతయు నచటనే యున్నది. పెట్టినంత మాత్రమున పిట్ట తినదు. దాని కన్నులకు క్యారెట్టు ముక్క ఒక రాయివంటిది. ఒక్కొక్కప్పుడు భయపడదగిన వస్తువు కూడ. బడ్జిరిగార్ పిల్ల సుమారు అయిదు వారములకు గూడు విడుచును. తరువాత కొన్నిదినములు తల్లిదండ్రులు మేతసంచినుండి తీసి నోటికందించుచుండగా, పెద్దవి యేమి తినుచున్నవో చూచి తానును ముక్కుతో పొడిచి నేర్చుకొనును. ఆ కాలమున చూచినదే దానికి మేత. దూడ తల్లి ప్రక్కన నిలిచి, తల్లి కొఱికిన పరకనే కొఱుకుట మనము చూచుచునే యున్నాము. అమ్మకమునకు పెంచువారి పంజరములో కొఱ్ఱలు తప్ప మఱియొకటి చూడని పిల్ల, మన యింటికి వచ్చిన తరువాత ఆకుకూరను తినదగినదిగా నెట్లెఱుగును?

కావున సాధ్యమైనంత లేతపిల్లను తెచ్చుకొనుట మేలు. లేతపిల్ల నుదుట సన్ననిచారలు ముక్కువఱకు దిగియుండును. కన్ను పూర్తిగా నల్లగా నుండును. మూడు నాలుగు నెలలకు మొదటి ఈకలు రాలినపిదప నుదుటి చారలు పోవును, క్రమముగా కంటిలో తెల్లని వలయము ఏర్పడును. కొన్ని రంగుల పిట్టలలో ఈ గుఱుతులు స్పష్టముగా తెలియవు.

ఇంటికి తెచ్చిన మొదటి వారము పదిదినములు క్రొత్తమేత యేదియు నేర్పబూనరాదు. అమ్మినవాడేమి పెట్టుచుండెనో యడిగి అదియే పెట్టవలెను. పంజరము అడుగున కాగితము పఱచి దానిపైనను కొంత చల్లవలెను. పొట్టు విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. ఈ పిట్ట గింజను ముక్కుతో ఒలిచి పప్పు మ్రింగి, పొట్టును గిన్నెలోనే విడుచును. పైకి చూచినచో గిన్నె నిండుగనే కనబడును; లోపల గింజ యుండదు. నిండు గిన్నె యెదుట పిట్ట ఆకలితో చచ్చుట ఈ విధముగానే జరుగును. ఉదయమును సాయంకాలమును పొట్టు నూది చూడవలెను.

ఇక ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచిన మాట. పశువులను మేపిన యనుభవముగల పెద్దలు, గింజలు తీసివేయుడు, కడుపు మాడిన ఆకునైనను తినును, అని సలహా చెప్పుదురు. ఎద్దు ఒక పూట గడ్డి ముట్టకున్నను దానికి ప్రమాదము లేదు. ఈ పిట్ట మొత్తము బరువు ముప్పదియైదు గ్రాములకు అటునిటు. దాని గుండె అతివేగముగా కొట్టుకొనును, ఒంటివేడి మనకంటె నెక్కువ, నిలువచేసికొన్న బలము స్వల్పము. మేత లేకుండ ఒకటి రెండు దినములు గడచుటయే దాని ప్రాణమునకు ముప్పు. అంతేకాదు, ఆకలి వలన దానికి క్రొత్తవస్తువు మేతగా తెలియదు. ఆకును రాయిగా తలచు పిట్ట రాయిని చూచుచునే చచ్చును. ఎట్టి మార్పు చేసినను పాత మేత పూర్తిగా మానిపింపరాదు.

ఇందుకు కాటా యొకటి తోడు కావలెను. గ్రాముల లెక్క చూపు చిన్న ఎలక్ట్రానిక్ కాటాలు ఇప్పుడు తక్కువ వెలకే దొరకుచున్నవి. మేత మార్చు కాలములో ప్రతి యుదయము మేతకు ముందు పిట్టను తూచి వ్రాసికొనవలెను. ముప్పదియైదు గ్రాముల పిట్ట మూడు నాలుగు గ్రాములు తగ్గినదనిన, డెబ్బది కిలోల మనిషి ఆఱు మొదలు ఎనిమిది కిలోల వఱకు చిక్కినట్లే. వెంటనే పాతమేతకు మరలవలెను. రెట్టయు చూచుచుండవలెను. ఆకుకూర తిన్న దినమున అది కొంచెము నీరుగా నుండుట సహజము. సంఖ్య తగ్గి, చిన్నవై, నల్లబడినచో పిట్ట తినుటలేదని యర్థము.

పట్టణపువారికంటె రైతునకు ఈ పని సులువు. పట్టణమున దొరకనిది మన చేనిలో నున్నది. కొఱ్ఱగాని, సజ్జగాని, జొన్నగాని పాలుపోసుకొన్న కంకిని కోసి, కాడతోనే పంజరమునకు లోపలివైపు, పిట్ట కూర్చుండు కొమ్మకు ప్రక్కగా కట్టుడు. ఇది గింజయే, పిట్టకు తెలిసిన ఆకారమే. అయినను లోపల ఎండుపిండి కాక తీయని పచ్చిపాలున్నవి. పంజరములో పుట్టిన పిట్టయైనను దీనిని సాధారణముగా ఒకటి రెండు దినములలో రుచి చూచును. ఎండుమేతనుండి పచ్చిమేతకు దాటుటకు ఇంతకంటె మంచి వంతెన లేదు. పైరు లేని కాలమున పెరటి మడిలో గుప్పెడు కొఱ్ఱలు చల్లి నీరుపెట్టిన చాలును.

రెండవ మెట్టు మొలకలు. కొఱ్ఱలు, సజ్జలు, పెసలు రాత్రి నానవేసి, ఉదయము రెండు మూడు నీళ్ల కడిగి, గుడ్డలో మూటగట్టి, ముక్కు పొడసూపగనే పెట్టవలెను. పుల్లనివాసన వచ్చినను, జిగురు కట్టినను పాఱవేయుడు. వేసవిలో తడిమేతను రెండు గంటలకంటె పంజరములో నుంచరాదు.

ఆకుకూరకు వేఱొక యుపాయము. ఈ పిట్టలకు తడియాకులలో పొర్లి స్నానము చేయుట యెంతయో యిష్టము. కొత్తిమీర కట్టనో, మునగరెమ్మనో నీట ముంచి నీరు కాఱుచుండగా పంజరము పైభాగమున వ్రేలాడదీయుడు. మొదట ఈకలు తడుపుకొనును, పిదప ఆకును కొఱికి ఆడుకొనును. ఆటలో నోటికి దగిలిన రుచియే నాలుగు దినములకు మేత యగును. ఆకులలో మునగాకు మేలైనది. పాలకూర, తోటకూరలు అప్పుడప్పుడు మాత్రమే పెట్టవలెను. వానిలోని ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును ఒంటికి పట్టనీయదు. క్యారెట్టు, పండుగుమ్మడి, ఉడికించిన చిలగడదుంప — వీనిని మొదట సన్నగా తురిమి మొలకలకు అంటునట్లు కలుపవలెను. గింజకోసము పొడిచినప్పుడు తురుము నోటికి దగులును. బొప్పాయి, జామ పండ్లు చిన్నముక్కగా చాలును. పండుమిరపకాయ పెట్టినచో నోరు మండునేమో యని జాలిపడనక్కఱలేదు. మిరప మంట మనకు తెలిసినట్లు పక్షులకు తెలియదు. ఎఱ్ఱబడిన మిరపలో 'ఎ' విటమినునకు మూలమైన పదార్థము పుష్కలముగా గలదు. సున్నమునకు సముద్రపునురుగు బిళ్ల నొకటి కట్టియుంచవలెను.

వేళయు ముఖ్యమే. తెల్లవాఱగనే పిట్టకు ఆకలి హెచ్చు. అప్పుడు ముందు పచ్చిమేత పెట్టి, గంట గడచిన పిమ్మట గింజలు పోయవలెను. రోజంతకు పిట్ట యొకదానికి రెండు టీచెంచాల గింజలు సరిపోవును. పిల్లలు పంజరము దగ్గఱ కూర్చుండి, అదే క్యారెట్టును తాము కొఱుకుచు చూపినచో మఱియు మంచిది. ఇది గుంపుపక్షి, ప్రక్కవాడు తినుచున్నదానియందు దానికి నమ్మకము. ఆకుకూర అలవాటైన మఱియొక పిట్ట జతగా నున్నచో మనకు పని సగము తగ్గును. మూడు దినములు పెట్టి తినలేదని మానరాదు. ఒకే వస్తువును పదునైదు ఇరువది దినములు ప్రతి యుదయము చూపినపిదపగాని కొన్ని పిట్టలు ముట్టవు.

పెట్టరానివి కొన్ని గలవు. ఇటీవల నగరములలో నమ్ము అవకాడో పండు చిలుకలకు విషము. చాక్లెట్టు, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పువేసిన చిరుతిండ్లు కూడదు. ఇంతకంటె రైతుల యిండ్లలో భయపడవలసినది వేఱొకటి యున్నది. విత్తగా మిగిలిన సజ్జ, జొన్న, మొక్కజొన్న విత్తనము సంచి అడుగున నుండును. వృథాయేల యని పంజరములో పోయుదురు. ఆ విత్తనమునకు శిలీంధ్రనాశక మందో, పురుగుమందో పట్టించియుందురు. దానిపైనున్న గులాబి, ఎఱుపు, నీలి రంగు అందుకు గుఱుతు. కడిగినను అది మేతకు పనికిరాదు. అట్లే మందు చల్లిన చేని మిరపకాయ కాక, మందెఱుగని పెరటిమొక్క కాయనే కోయవలెను.

బూజుపట్టిన వేరుసెనగయు అట్టిదే. 1960లో ఇంగ్లండున లక్షకు మించిన టర్కీకోళ్లు చచ్చినప్పుడు కారణము వెదకగా, బూజుపట్టిన వేరుసెనగపిండి దాణాలో ఒక విషము బయటపడినది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెఱుచును. మనము తీసివేసిన పుచ్చుపప్పు పిట్టకు పెట్టుట ఎంతమాత్రమును తగదు.

పట్టణములలో చిలుకలకై గుళికలమేత యమ్ముచున్నారు. మంచిరకమైనచో దానిలో విటమినులు, లవణములు సరిపాళ్లలో నుండును. వెల యెక్కువ. కొనగలవారు కొంతపాలు దానిని కలుపవచ్చును. దానికిని ఇదే విధముగా మెల్లగా అలవాటు చేయవలెను.

రెండు మూడేండ్లు కొఱ్ఱలే తిన్న పెద్దపిట్టకు కూడ ఈ పద్ధతియే. కాని వారములలో కావలసినది నెలలు పట్టును. మొదట మూడు నాలుగు వారములు పాలకంకి, మొలకలతోనే యాగి, అవి చక్కగా తినుచున్నప్పుడే ఆకునకు పోవలెను. ముందుగానే తుమ్ములు, కనురెప్పల వాపు, ఊపిరిలో కీచుధ్వని యున్న పిట్టకు మేత మార్చుటకు పూనుకొనక, పాతమేతతోనే వెచ్చగా నుంచి, పంజరముతో సహా పశువైద్యుని యొద్దకు గొనిపోవలయును. క్రింద పఱచిన కాగితమును మార్చకుండ తీసికొనిపోయినచో, రెట్ట చూచి ఆయన కొంత గ్రహింపగలడు.